ఏరియల్ మేడెక్కినా రేడియోలో గరగర ఎందుకు పెరిగింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనది ఇది. సింగరాయకొండ దగ్గర, సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపున మీ ఊరు. నాన్నగారికి రేడియో లేనిదే పొద్దు గడవదు. ఆయన కోసం మేడ మీద అల్యూమినియం కడ్డీలతో డైపోల్, అంటే రెండు చేతులు చాచినట్టుండే ఏరియల్, కట్టారు. అక్కడి నుంచి 25 మీటర్ల సన్న కేబుల్ హాల్లోకి దించి, దాని లోపలి తీగను క్లిప్పుతో రేడియో ఏరియల్ కడ్డీకి తగిలించారు. అయినా దూరపు ఎఫ్‌ఎం స్టేషను పెద్దగా బాగుపడలేదు. విజయవాడ మీడియం వేవ్ అయితే సాయంత్రమయ్యేసరికి గుర్రుమనే శబ్దంలో మునిగిపోతోంది. సిగ్నల్‌ని పెంచే బూస్టర్ పెట్టాలా, లావు కేబుల్ కొనాలా, పాత టీవీ ఏరియల్‌లా వరసగా కడ్డీలుండే పెద్ద యాగీ కట్టాలా అని అడిగారు.

ఈ మూడింటిలో ఏదీ ఇప్పుడే కొనకండి. మీ డైపోల్ బాగానే ఉన్నట్టుంది. తప్పు దాని కింద, కేబుల్ దగ్గరా ఇంట్లోనూ ఉంది.

నేను నెల్లూరులో ముప్పై ఏళ్లకు పైగా రేడియోలు, టీవీలు బాగు చేశాను. తర్వాత హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల లైసెన్సు, తీసుకున్నాను, బోట్లవాళ్లు మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ సెట్లు కూడా బిగించాను. మా షాపుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది "సిగ్నల్ పెరగాలి" అనే. కానీ రేడియోకి సిగ్నల్ ఎంత బలంగా అందిందన్నది సగం సంగతి. దాని పక్కన గోల ఎంత ఉందన్నది మిగతా సగం. సంతలో మనిషి ఎంత గట్టిగా పిలిచినా వినపడదు, తెల్లవారుజామున పొలంలో అర కిలోమీటరు నుంచి మామూలుగా పిలిచినా వినపడుతుంది. ఏరియల్‌నైనా కేబుల్‌నైనా ఈ లెక్కతోనే చూడాలి: ఇది సిగ్నల్‌ని ఎంత తెచ్చింది, దాంతో పాటు గోలని ఎంత తెచ్చింది?

ముందు మీడియం వేవ్ సంగతి. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మామూలు ట్రాన్సిస్టర్ సెట్లలో పైకి లాగే కడ్డీ ఎఫ్‌ఎం, షార్ట్ వేవ్‌ల కోసం మాత్రమే. మీడియం వేవ్‌కి అది పనిచేయదు. మీడియం వేవ్‌కి అసలు ఏరియల్ సెట్టు లోపల ఉంటుంది. వెనక మూత విప్పితే నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దాని మీద సన్నటి రాగి తీగ చుట్ట కనిపిస్తాయి. విజయవాడ 837 కిలోహెర్ట్జ్‌లో వస్తుంది. అంటే ఒక్కో తరంగం పొడవు దాదాపు 358 మీటర్లు. మేడ మీది మీ మీటరున్నర డైపోల్‌కీ ఆ తరంగానికీ ఏ పొత్తూ లేదు. అది మీడియం వేవ్‌కి సాయం చేయకపోగా ఇంకో చెరుపు చేస్తోంది. ఇల్లంతా తిరిగి వచ్చిన 25 మీటర్ల కేబుల్, గోడల్లో ఉన్న కరెంటు వైర్ల గోలనంతా మూటగట్టి తెచ్చి రేడియో పక్కన దించుతోంది. కాబట్టి మీడియం వేవ్ వినేటప్పుడు ఆ క్లిప్పు తీసేయండి. ఇది ఈ రోజే, పైసా ఖర్చు లేకుండా చేయగలిగిన పని.

రెండోది, రేడియోని తిప్పండి. ఫెర్రైట్ కడ్డీ చాలా సెట్లలో సెట్టు పొడవునా అడ్డంగా ఉంటుంది. దాని పక్క భాగం స్టేషను వైపు ఉన్నప్పుడు సిగ్నల్ బాగా అందుతుంది, కొన స్టేషను వైపు చూస్తే దాదాపు పడిపోతుంది. మీకు విజయవాడ ఉత్తరం వైపు, కాస్త తూర్పుకు వాలి ఉంది. రేడియో ముఖం గానీ వీపు గానీ అటువైపు ఉండేలా పెట్టండి. ఇందులోనే ఇంకో కిటుకు ఉంది. గోల ఏ దిక్కు నుంచి వస్తుందో కడ్డీ కొనను ఆ దిక్కుకు చూపితే గోల తగ్గుతుంది. స్టేషను కొంచెం బలహీనపడినా ఫర్వాలేదు, గోల అంతకంటే ఎక్కువ తగ్గితే మాట స్పష్టంగా వినిపిస్తుంది. నాన్నగారి మంచం పక్కన బల్ల మీద సెట్టును అంగుళం అంగుళం తిప్పి, బాగా వినపడే చోట సుద్దముక్కతో గీత గీయండి. మా ఇంట్లో మా నాన్న కోసం నేను చేసింది అదే.

ఇక ఆ గుర్రు ఎక్కడి నుంచి వస్తోంది? సాయంత్రం మొదలవుతోంది అన్నారు కాబట్టి నా మొదటి అనుమానం ఎల్‌ఈడీ బల్బుల మీద. చౌక బల్బుల్లో, ఫోన్ చార్జర్లలో, ఇన్వర్టర్లలో కరెంటును సెకనుకు వేలసార్లు వేసి ఆపే సర్క్యూట్ ఉంటుంది. దాని గోల సరిగ్గా మీడియం వేవ్ మీద పడుతుంది. రేడియోని బ్యాటరీల మీద పెట్టి, స్టేషను లేని చోట ట్యూన్ చేసి, ఇంటి మెయిన్ ఆపండి. గుర్రు ఆగిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత మెయిన్ వేసి, ఒక్కో స్విచ్చీ వేస్తూ, ఒక్కో చార్జర్ పెడుతూ వినండి. పది నిమిషాల్లో దొరుకుతాడు. ఒక ఇంట్లో వారం పాటు తలపట్టుకున్న గోల చివరికి దేవుడి గూట్లో పెట్టిన చిన్న ఎల్‌ఈడీ దీపం దగ్గర తేలింది.

మెయిన్ ఆపినా గుర్రు ఆగలేదంటే బయటిది. మీ ప్రాంతంలో దీనికి రెండు పెద్ద కారణాలు ఉన్నాయి. ఒకటి రొయ్యల చెరువులు. అక్కడి ఏరేటర్ మోటార్లు, వాటి స్టార్టర్లు, వేగం మార్చే డ్రైవ్‌లు ఉంటే అవీ గోల చేస్తాయి. రెండోది ఉప్పు గాలి. కరెంటు స్తంభాల మీది పింగాణీ ఇన్సులేటర్లకు ఉప్పు పేరుకుంటుంది. రాత్రి తేమకు ఆ ఉప్పు తడిసి, దాని మీదుగా సన్నగా కరెంటు పాకి చిటపటమంటుంది. తెల్లవారుజామున మంచు కురిసేటప్పుడు గోల పెరిగి, ఎండెక్కాక తగ్గి, ఒక పెద్ద వాన పడ్డాక కొన్నాళ్లు మాయమైతే అది ఇన్సులేటర్ పనే. రేడియో చేత్తో పట్టుకుని వీధి వెంట నడవండి. ఏ స్తంభం దగ్గర గోల పెరుగుతుందో దాని నంబరు రాసుకుని లైన్‌మన్‌కి చెప్పండి. ఇన్సులేటర్ చిట్లి ఉంటే వాళ్లకీ అది తెలియాలి. స్తంభాన్నీ స్టే వైరునూ మీరు మాత్రం తాకవద్దు.

గోల తగ్గించాక కూడా స్టేషను పీలగా ఉంటే మీడియం వేవ్‌కి ఒక లూప్ కట్టండి. నాకు చాలా ఇష్టమైన పని ఇది. 60 సెంటీమీటర్ల చతురస్రం చెక్క ఫ్రేము తీసుకుని, దాని మీద మామూలు ఇన్సులేషన్ వైరు 12 చుట్లు, చుట్టుకీ చుట్టుకీ కాస్త ఎడంగా చుట్టండి. దాదాపు 29 మీటర్ల వైరు పడుతుంది. రెండు కొనలనూ పాత రేడియోలోంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్‌కి (స్టేషన్లు మార్చడానికి తిప్పే పలకల భాగం) ఈయం పెట్టి అతికించండి. దీన్ని రేడియోకి తగిలించే పనే లేదు. రేడియో పక్కన నిలబెట్టి గ్యాంగ్ తిప్పుతుంటే ఒకచోట స్టేషను ఒక్కసారిగా ఎగసి వస్తుంది. లూప్ కూడా ఫెర్రైట్ కడ్డీలాగే దిక్కు చూస్తుంది కాబట్టి ఏ దిక్కు గోలనో ఎంచి తగ్గించుకోవచ్చు. పూర్వం హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు రాగి జల్లెడలాంటి ఏరియల్ పట్టీ కట్టేవాళ్లు, మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఇళ్లల్లో ఉన్నవి మామూలు బల్బు, ఫ్యాను మాత్రమే కాబట్టి ఆ పట్టీ చాలింది. ఇప్పుడు అదే పట్టీ కడితే చార్జర్ల పాటే వినిపిస్తుంది.

ఇప్పుడు ఎఫ్‌ఎం. ఇక్కడ ఏరియల్, కేబుల్ రెండూ నిజంగా లెక్కకొస్తాయి.

డైపోల్ కొలత సరిచూసుకోండి. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 102 మెగాహెర్ట్జ్‌కి మీటరు 40 సెంటీమీటర్లు, అంటే ఒక్కో చేయి 70 సెంటీమీటర్లు. మన ఎఫ్‌ఎం 88 నుంచి 108 దాకా కాబట్టి ఈ కొలత అంతటికీ సరిపోతుంది. రెండు మూడు సెంటీమీటర్ల తేడాకు కంగారు పడొద్దు.

మీ దగ్గర పెద్ద తప్పు తగిలించడంలో జరిగింది. కోయాక్స్ కేబుల్‌ని ఒక్క తీగలా చూశారు. అది రెండు తీగలు: మధ్యలో ఒకటి, దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్, ఆ పైన జాలీ. ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ 1880లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. దీని గొప్పతనమంతా ఒక్కదాంట్లో ఉంది. సిగ్నల్ లోపలి తీగకూ జాలీకి లోపలి వైపుకూ మధ్యనే నడుస్తుంది, బయటి గోల లోపలికి రాదు. కానీ జాలీని రెండు చివరలా సరిగ్గా కలిపినప్పుడే ఈ మాట నిజం. మీరు జాలీని రేడియో దగ్గర గాల్లో వదిలేశారు. దాంతో డైపోల్‌లో ఒక చేయి పనిచేయడం మానేసింది, జాలీ 25 మీటర్ల పిచ్చి ఏరియల్‌గా మారింది. మీరు వింటున్నది మేడ మీది డైపోల్‌ని కాదు, మెట్ల పక్కనుంచి వచ్చిన కేబుల్‌ని.

సెట్టుకు ఏరియల్ సాకెట్ ఉంటే దానికి తగ్గ ప్లగ్గు కొని బిగించండి. లేకపోతే లోపలి తీగ కడ్డీకి, జాలీ సెట్టు గ్రౌండుకి కలపాలి. చాలా సెట్లలో ఇయర్‌ఫోన్ సాకెట్ బయటి లోహం గ్రౌండుగా ఉంటుంది. బ్యాటరీ గదిలో నెగటివ్ స్ప్రింగు కూడా చాలా సెట్లలో గ్రౌండే. ఒక్క జాగ్రత్త: ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా కరెంటు మీద నడిచే పాత వాల్వు సెట్లలో లోపలి చట్రానికే కరెంటు ఉండొచ్చు. అలాంటి సెట్టుకు బయటి ఏరియల్ జాలీ కలపవద్దు. మీది బ్యాటరీ సెట్టు అయితే ఆ భయం లేదు. కడ్డీని పూర్తిగా మూసి, దాని అడుగున క్లిప్పు పెట్టండి. లేకపోతే కడ్డీ తన పాటికి హాల్లో గోల పట్టుకుంటూనే ఉంటుంది.

జాలీని సరిగ్గా కలిపినా దాని బయటి వైపు మీదుగా ఇంటి గోల పైకి పాకి డైపోల్‌లోకి దిగగలదు. దీన్ని ఆపడానికి డైపోల్‌కి సరిగ్గా కింద కేబుల్‌ని నాలుగైదు చుట్లు, 10 సెంటీమీటర్ల వెడల్పున చుట్టి టేపుతో కట్టండి. రేడియో దగ్గర, పాత కంప్యూటర్ మానిటర్ కేబుళ్ల చివర ఉండే లావు నల్ల గుండు లాంటి ఫెర్రైట్ క్లిప్పులు రెండు మూడు తొడగండి. ఒంగోలులో పాత కంప్యూటర్ సామాను అమ్మే షాపులో అడగండి.

ఇక కేబుల్‌లో నష్టం. మీరు కొన్న సన్న కేబుల్ వర్ణన చూస్తే ఆర్‌జీ-58 అనిపిస్తోంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర అది 100 మీటర్లకు సుమారు 16 డెసిబెల్ తింటుంది. మీ 25 మీటర్లకు 4 డెసిబెల్. డెసిబెల్ లెక్క భయపడేంత కష్టం కాదు: 3 అంటే శక్తి సగం, 6 అంటే పావు, 10 అంటే పదో వంతు. 4 డెసిబెల్ పోయిందంటే మేడ మీద పట్టిన శక్తిలో నూటికి 40 పాళ్లే కిందికి చేరుతోంది. డిష్‌కి వాడే ఆర్‌జీ-6 అయితే అదే 25 మీటర్లకు సుమారు 1.7 డెసిబెల్ తింటుంది, నూటికి 68 పాళ్ల దాకా కిందికి చేరుతుంది. ధర కూడా తక్కువ, ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది.

ఇదే ఆర్‌జీ-58 మీడియం వేవ్ దగ్గర 25 మీటర్లకు డెసిబెల్‌లో మూడో వంతు కూడా తినదు. తిన్నా నష్టం లేదు. ఎందుకో చెబుతాను, ఇది తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది. మీడియం వేవ్‌లో, కింది షార్ట్ వేవ్‌లో ఆకాశం నుంచీ ఊళ్ల నుంచీ వచ్చే గోల చాలా ఎక్కువ. సెట్టు సొంతంగా పుట్టించే గోల దాని ముందు లెక్కలోకి రాదు. కేబుల్ సిగ్నల్‌ని సగం చేస్తే ఆ బయటి గోలనీ సగం చేస్తుంది, రెండింటి నిష్పత్తి మారదు. వాల్యూమ్ కాస్త పెంచుకుంటే సరిపోతుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ ఆకాశం గోల తక్కువ, సెట్టు సొంత గోలే ఎక్కువ. కేబుల్ తిన్న ప్రతి డెసిబెల్ సిగ్నల్ నుంచే పోతుంది, సెట్టు గోల మాత్రం అలాగే ఉంటుంది. అందుకే పైపైకి పోయేకొద్దీ మంచి కేబుల్ కావాలి.

"ఆర్‌జీ-6 75 ఓమ్‌ల కేబుల్, నా రిసీవర్ 50 ఓమ్‌లు, కలపకూడదు కదా" అని కొందరు అంటారు. ఇక్కడ ఓమ్‌లంటే కేబులూ సెట్టూ సిగ్నల్‌కి చూపే అడ్డు కొలత. వినడానికి మాత్రమే అయితే ఆ బెంగ పెట్టుకోకండి. 75కీ 50కీ కలిపితే వెనక్కి తిరిగిపోయేది నూటికి 4 పాళ్లు, డెసిబెల్‌లో అయిదో వంతు కూడా కాదు. చెవికి తెలియదు. పైగా డైపోల్ సొంత ఓములు 73కి దగ్గర, 75 కేబుల్‌కి సరిగ్గా సరిపోతుంది. ఓమ్‌ల తేడా గురించి గంటలు వాదించి, వాన నీళ్లు కారే ప్లగ్గు వాడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పంపే సెట్లకు మాత్రం 50 ఓమ్‌లే వాడాలి, అది వేరే సంగతి.

ఆర్‌జీ-6 కొనేటప్పుడు ఒకటి గమనించండి. చౌక రకాల్లో మధ్య తీగ ఇనుము, పైన పలచగా రాగి పూత. ఎఫ్‌ఎంకి అది చాలు. ఆ ఫ్రీక్వెన్సీలో కరెంటు తీగ చర్మం మీదే నడుస్తుంది, రాగిలో మిల్లీమీటరులో వందో వంతు లోతు కూడా దిగదు. జాలీ అల్యూమినియం కాబట్టి దానికి ఈయం అంటదు, ఆ ప్రయత్నం చేయొద్దు. డిష్ కేబుల్ చివర ఉండే మరప్లగ్గు, ఎఫ్ కనెక్టర్, బిగించండి, డైపోల్ దగ్గర స్టెయిన్‌లెస్ స్క్రూ, వాషర్‌తో నొక్కి పట్టించండి. కొత్త కేబుల్ వేస్తే నల్ల తొడుగు ఉన్నదే తీసుకోండి. తెల్ల తొడుగు మన ఎండకు త్వరగా పెళుసెక్కి చిట్లుతుంది. కేబుల్‌ని కిటికీ సందులో నలిపి మూయకండి, వంపు గుప్పెడంత గుండ్రంగా ఉండాలి. పది మీటర్లు మిగిలితే చుట్ట చుట్టి మూల పడేయకండి. కోసేయండి, ఆ పది మీటర్లూ సిగ్నల్ తింటూనే ఉంటాయి.

ఇప్పుడు బూస్టర్ మాట. కాలువ చివరి చేనుకు నీళ్లు అందడం లేదంటే చివర మోటారు పెడితే ఏమొస్తుంది? అక్కడ ఉన్న బురద నీళ్లే వస్తాయి. తూము దగ్గర చూడాలి. రేడియో పక్కన పెట్టే బూస్టర్ కూడా అంతే. కేబుల్‌లో చచ్చిపోయిన సిగ్నల్‌ని అది బతికించలేదు, పక్కనే ఉన్న గోలనీ దాంతో పాటే పెంచుతుంది. బూస్టర్ పెట్టాల్సి వస్తే ఏరియల్ దగ్గర, కేబుల్ మొదట్లో పెట్టాలి. ప్రతి ఇంటి డిష్ చూడండి. గిన్నె ముందు పుల్ల మీద ఉండే ఎల్‌ఎన్‌బీ చేసే పని అదే. ఉపగ్రహం నుంచి వచ్చే 11, 12 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని అక్కడికక్కడే పెంచి, 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌లోకి దించి, అప్పుడు కేబుల్‌లోకి వదులుతుంది. పైనున్న ఆ పెట్టె లేకపోతే అంత పైస్థాయి సిగ్నల్ ఇంట్లోకి దిగేలోపే కేబుల్‌లో ఆరిపోయేది.

బూస్టర్‌కి ఇంకో చెడు గుణం ఉంది. దగ్గర్లో బలమైన స్టేషను ఉంటే అది సెట్టును ముంచేస్తుంది. ఒకే స్టేషను మూడు చోట్ల వినపడుతుంటే, దాని కింద దూరపు స్టేషను నలిగిపోతుంటే, బూస్టర్ తీసేయడమే మందు. మీకు 25 మీటర్ల కేబులే కాబట్టి ఆర్‌జీ-6 వేస్తే బూస్టర్ అవసరం రాదని నా అంచనా.

ఎత్తు సంగతి చెప్పాలి. ఎఫ్‌ఎం తరంగం దాదాపు చూపు మేర నడుస్తుంది. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో దాని మేర వస్తుంది. స్టేషను టవరుకూ మీ ఏరియల్‌కూ విడిగా లెక్కవేసి కూడాలి. 100 మీటర్ల టవరుకు 41, మేడ మీద 10 మీటర్ల ఏరియల్‌కు 13, మొత్తం 54 కిలోమీటర్లు. మీ స్తంభాన్ని ఇంకో 3 మీటర్లు లేపితే మేర రెండు కిలోమీటర్లే పెరుగుతుంది. కానీ ఆ 3 మీటర్లు ఏరియల్‌ని ఇంటి వైర్ల నుంచీ పక్కింటి వాటర్ ట్యాంకు నుంచీ దూరం చేస్తాయి. నా అనుభవంలో ఎక్కువ లాభం అక్కడే కనిపించింది. మీది సముద్రపు పల్లం కాబట్టి అడ్డు లేదు. కనిగిరి, పొదిలి వైపు గుట్టల చాటున ఉన్న ఊళ్లలో ఇంత సులువు కాదు, అక్కడ మేడ మీదే ఈ మూల నుంచి ఆ మూలకు జరిపితే స్టేషను వచ్చీ పోతుంది.

డైపోల్‌ని అడ్డంగా పెడితే దాని కొనల దిక్కున చెవుడు ఉంటుంది. పక్క భాగం స్టేషను వైపు తిప్పాలి. నిలువుగా పెడితే అన్ని దిక్కులా ఒకేలా వింటుంది. రెండు రకాలా కట్టి ఒక్కోటి ఒక రోజు వినండి.

యాగీ గురించి అడిగారు. జపాన్‌లో షింతారో ఉదా, హిదెత్సుగు యాగీ 1926లో దీన్ని లోకానికి చెప్పారు. కష్టమంతా పడిన ఉదా పేరు జనం నోట్లో నిలవకపోవడం అన్యాయం. మా తరానికి యాగీ అంటే మద్రాసు టీవీ. 1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ మొదలయ్యాక, తర్వాతి ఏళ్లలో నెల్లూరు మేడల మీద దక్షిణానికి తిరిగిన పెద్ద పెద్ద యాగీలు లేచాయి. గాలికి తిరిగిపోతే పైకి ఎక్కి ఒకరు తిప్పడం, కింద నుంచి "వచ్చింది, వచ్చింది, ఆపు" అని ఇంకొకరు అరవడం ప్రతి వీధిలోనూ ఉండేది. ఎఫ్‌ఎంకి 3 కడ్డీల యాగీ డైపోల్ కంటే సుమారు 5 డెసిబెల్ ఎక్కువ ఇస్తుంది, వీపు వైపు గోలను తగ్గిస్తుంది. కానీ ఒక్క దిక్కే వింటుంది, తుపాను గాలికి నిలవాలి. మీరు కేబుల్ మార్చి, జాలీ సరిచేస్తే దాదాపు సగం లాభం అక్కడే వస్తుంది. తర్వాత ఆలోచిద్దాం.

మీ ప్రాంతంలో కేబుల్‌కి అసలు శత్రువు ఉప్పు నీరు. జువ్వలదిన్నె వైపు ఒక బోటుకు సెట్టు పనిచేయడం లేదని పిలిచారు. సముద్రంలో బోట్లు వాడే వీహెచ్‌ఎఫ్‌లో 16వ చానల్, 156.8 మెగాహెర్ట్జ్, ఆపదకూ పిలుపుకూ అదే. ఒడ్డున ఉన్నంతసేపు అందరూ వినపడుతున్నారట, పది కిలోమీటర్లు పోతే ఎవరూ వినపడరట. సెట్టు పాడైందని కొత్తదానికి డబ్బు సిద్ధం చేసుకున్నారు. నేను ఏరియల్ అడుగున ప్లగ్గు విప్పితే అందులోంచి నీళ్లు కారాయి. కేబుల్ తొడుగు కోస్తే జాలీ నల్లబడి వేలికి పొడిలా అంటింది. జాలీ అల్లిక దీపం వత్తిలా నీటిని పీలుస్తుంది. అలా లోపలికి మీటర్ల కొద్దీ పాకింది. ఆరు మీటర్ల కొత్త కేబుల్, రెండు ప్లగ్గులు వేశాక అదే సెట్టు మామూలుగా పనిచేసింది. ఆ బోటులో అయిదారుగురు పోతారు. ఒక టేపు ముక్క వేయనందుకు వాళ్ల పిలుపు ఎవరికీ చేరని రాత్రి ఒకటి వచ్చి ఉండేదని ఇప్పటికీ తలుచుకుంటాను.

అందుకే మీ డైపోల్ దగ్గర జాయింటు మీద ముందు సాగదీసి చుట్టే రబ్బరు టేపు, అది తనకు తానే అతుక్కుపోతుంది, దాని మీద మామూలు నల్ల టేపు వేయండి. టేపును కింది నుంచి పైకి చుట్టాలి, పెంకుటింటి పెంకుల్లా పై వరస కింది వరస మీదికి రావాలి. కేబుల్ గోడలోకి దూరే చోట ముందుగా కిందికి వేలాడే వంపు ఒకటి ఇవ్వండి. నీటి చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది, ఇంట్లోకి రాదు. సముద్రం దగ్గర అల్యూమినియం కడ్డీకి రాగి తీగ నేరుగా తగిలితే కొన్ని నెలల్లో తెల్లటి బూజులా తుప్పు పడుతుంది, మధ్యలో స్టెయిన్‌లెస్ వాషర్ వేయండి. మనకు పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ప్రతి ఏడూ వినాయక చవితి అయ్యాక ఒకసారి మేడెక్కి జాయింటు చూసుకోండి.

పిడుగుల గురించి ఖచ్చితంగా చెబుతున్నాను. ఇనుప స్తంభాన్ని లావు తీగతో ఎర్తు రాడ్‌కి కలపండి. ఉరుము వినపడక ముందే, మబ్బు పట్టినప్పుడే, కేబుల్‌ని రేడియో నుంచి తీసి గుమ్మం బయట పెట్టండి. తుపాను వార్తలకు సెట్టుతో వచ్చిన కడ్డీ, ఫెర్రైట్ చాలు. నాన్నగారికి కూడా ఇది చెప్పి ఉంచండి, మీరు ఇంట్లో లేనప్పుడు ఆయనే తీయాలి.

మార్పులు చేశాక ఎలా పరీక్షించాలో చెబుతాను, చాలామంది ఇక్కడే మోసపోతారు. మార్చి నుంచి మే దాకా సముద్రం మీద గాలి పొరలు పరుచుకుని, రాత్రీ తెల్లవారుజామునా ఎఫ్‌ఎం తరంగాలను చూపు మేర దాటించి తీసుకెళతాయి. అలాంటి రాత్రి చెన్నై స్టేషన్లు పక్క ఊరివిలా వినపడతాయి. ఆ రోజు మీరు ఏ ఏరియల్ కట్టినా అదే గొప్పదనిపిస్తుంది. కాబట్టి ఎండ బాగా కాసే మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య, అంచుమీద వినపడే బలహీనమైన స్టేషను ఒకటి ఎంచుకోండి. పాత కేబుల్‌తో ఒకసారి, కొత్త కేబుల్‌తో వెంటనే ఇంకోసారి వినండి. వారం పాటు రోజూ అదే వేళకు మాట ఎంత స్పష్టంగా ఉందో పదికి ఎన్ని మార్కులో రాసుకోండి. ముందు జాలీ కలిపి మూడు రోజులు, తర్వాత ఆర్‌జీ-6 వేసి నాలుగు రోజులు చూడండి. ఒకేసారి అన్నీ మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఆ ఏడు రోజుల మార్కులూ, మీకు కావాల్సిన స్టేషను ఎంత దూరంలో ఉందో, మెయిన్ ఆపినప్పుడు గుర్రు ఆగిందో లేదో రాయండి. యాగీ అవసరమైతే కడ్డీల కొలతలు, వాటి మధ్య ఎడం నేనే లెక్కగట్టి ఇస్తాను.